జాన్ హైల్ విన్సెంటు

విద్యకు వయస్సుతో పనిలేదని పెద్దలు చెప్పుదురు. కాని లోకమున జరుగునది వేరు. బాల్యమున బడికి పోజాలని వానికిని, నడుమ చదువు మానుకొన్న వానికిని విద్యాలయ ద్వారము తిరిగి తెరువబడుట మిక్కిలి యరుదు. నాగలి పట్టిన చేయి పుస్తకము పట్టుటకు సంకోచించును. సంసారభారము మోయు గృహిణి తన కిక చదువేలయని నిట్టూర్చును. ఇట్టి వారందరికిని వేసవి కాలమున, చెట్ల నీడలయందు, సరస్సు గట్టున విద్యాద్వారమును తెరచిన మహనీయు డొకడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో నుండెను. ఆయన పేరు జాన్ హైల్ విన్సెంటు. వేలకొలది జనులకు కళాశాల దృష్టిని ప్రసాదించిన ఆయన తాను మాత్రము ఏ కళాశాలయందును చదివినవాడు కాడు. ఆ కొరతయే ఆయన చేసిన ఘనకార్యమునకు మూలమయ్యెను.

విన్సెంటు 1832వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన అలబామా రాష్ట్రమందలి టస్కలూసా పట్టణమున జన్మించెను. ఆయన పసివాడై యుండగనే తల్లిదండ్రులు ఉత్తరమున నున్న పెన్సిల్వేనియా రాష్ట్రమునకు తరలిపోయి అచ్చట స్థిరపడిరి. అది దైవభక్తి గల కుటుంబము. ఇంట గ్రంథపఠనము, ప్రార్థన నిత్యకృత్యములు. చిన్ననాటి నుండియు విన్సెంటునకు చదువన్న నెంతయో ప్రీతి. సమీపమున నున్న పాఠశాలలలో ఆయన శ్రద్ధతో విద్య నభ్యసించెను. యుక్తవయస్సు నిండక పూర్వమే తాను పల్లెబడులలో ఉపాధ్యాయుడై పిల్లలకు పాఠములు చెప్పుటకు మొదలిడెను. తాను నేర్చుకొన్న దానిని ఇతరులకు తెలియజెప్పుటయందు కలుగు ఆనందము ఆయనకు ఆనాడే యనుభవమునకు వచ్చెను.

పదునెనిమిదేండ్ల వయస్సున ఆయన మెథడిస్టు క్రైస్తవ సంఘమున మతబోధకు డయ్యెను. ఆ కాలమున అట్టి బోధకులు ఒకచోట నిలిచి యుండువారు కారు. గుఱ్ఱమెక్కి, వానయనక, మంచనక, ఊరూర తిరుగుచు, దారిలో నున్న ప్రతి పల్లెయందును బోధించి సాగిపోవలసినదే. ఆ పని చేపట్టినచో కళాశాల చదువు సాగదు. కళాశాలలో చేరినచో ఆ పనిని ఏండ్ల తరబడి వాయిదా వేయవలసి వచ్చును. యువకుడైన విన్సెంటు సేవామార్గమునే యెంచుకొనెను. చదువుకొందమన్న కోరిక మాత్రము ఆయనను విడువలేదు. పట్టభద్రులైన తోడివారి నడుమ కూర్చున్నపుడెల్ల తన కొక సంపద చేజారినదన్న బాధ ఆయన మనస్సును కలచుచుండెను. ఆ బాధ ముదిమి వరకును ఆయనను వెన్నాడెను.

కొందరు తమ కొరతను తలచుకొని క్రుంగిపోవుదురు. మరికొందరు తమకు దొరకని దానిని దొరికిన వారిని చూచి యసూయపడుదురు. విన్సెంటు ఈ రెండును చేయలేదు. ఆయన సంఘమున బోధకులగు వారికి నాలుగేండ్ల పఠనక్రమ మొకటి నిర్ణయింపబడి యుండెను. నియమిత గ్రంథములను తమంతట తాము చదువుకొని, ఏటేట పరీక్షకు నిలువవలెను. గురువు ఎదుట కూర్చుండకుండనే, ప్రయాణముల నడుమ దొరకిన తీరిక గడియలలో ఆయన ఆ చదువును పూర్తి చేసెను. క్రమము తప్పక చదివినచో గుఱ్ఱపు జీనుపై నున్నవాడును విద్యార్థి కావచ్చునని ఆయన గ్రహించెను. ఈ యనుభవము తరువాతి కాలమున లక్షల మందికి మేలు చేసినది.

న్యూజెర్సీ రాష్ట్రమున బోధకుడుగా నున్నపుడు ఆయన ఒక నూతన బోధనావిధానమును కనుగొనెను. బైబిలు గ్రంథమున వచ్చు దేశముల భూగోళమును తెలిసికొననిదే ఆ కథలు మనస్సునకు పట్టవని ఆయన తలంచెను. శనివారము మధ్యాహ్నములందు పిల్లలను పెద్దలను ఒకచోట చేర్చి, పాలస్తీనా దేశపు పటమును చూపుచు, వారందరును ఆ దేశమున ప్రయాణము చేయుచున్నట్లే పాఠము చెప్పుచుండెను. మొదటి పరీక్షలో నెగ్గినవాడు యాత్రికుడు. పై పరీక్షలలో నెగ్గుకొలది ఆ దేశమున నివాస మేర్పరచుకొన్న వానిగా గౌరవింపబడును. కొండలు, నదులు, ఊళ్లు ఈ విధముగా ఆటలో పాటగా అందరికిని కంఠస్థ మయ్యెను. తండ్రియు కొడుకును ఒకే తరగతిలో కూర్చుండి చదువుట ఆ యూరివారికి వింతగా తోచెను. విన్సెంటునకు మాత్రము అదియే సహజముగా తోచెను.

1857లో ఆయన ఇల్లినాయి రాష్ట్రమునకు బదిలీ యయ్యెను. మరుసటి యేడు ఎలిజబెత్ డ్యూసెన్‌బరీ యను నామెను వివాహమాడెను. గలీనా పట్టణమున ఆయన బోధకుడుగా నున్నపుడు, తోళ్ల దుకాణమున పనిచేయు ఒక మితభాషి తన కుటుంబముతో వచ్చి ఆయన ప్రసంగములు వినుచుండెను. ఆతని పేరు యులిసిస్ గ్రాంటు. అంతర్యుద్ధమున సేనాధిపతియై, పిమ్మట దేశాధ్యక్షుడైన గ్రాంటు ఇతడే. వారి స్నేహము కడవరకు నిలిచెను. 1862లో విన్సెంటు సముద్రముదాటి ఐరోపా, పాలస్తీనా దేశములకు యాత్ర చేసెను. పటముపై ఇన్నేండ్లు చూపిన కొండలను నదులను అపుడు కన్నులార చూచెను.

అమెరికా దేశమున ఆదివారపు బడు లనునవి నాడు ఊరూర నుండెను. వానియందు బోధించువారు జీతగాండ్రు కారు. రైతులు, వర్తకులు, గృహిణులు స్వచ్ఛందముగా వచ్చి చెప్పుచుండిరి. వారికి ఉత్సాహ మున్నది గాని శిక్షణ లేదు. చెప్పువానికే తెలియనిచో వినువానికి తెలియునదేమి? 1866 మొదలు న్యూయార్కు నగరమున ఈ బడుల పర్యవేక్షణము విన్సెంటు వంతయ్యెను. ఆయన పత్రికలు నడిపెను, పాఠక్రమములు రచించెను, ఉపాధ్యాయుల సమావేశములు జరిపెను. కాని ఒకటి రెండు దినముల సమావేశములవలన ఫలము స్వల్పమని తెలిసికొనెను.

ఈ సందర్భమున ఆయనకు లూయీ మిల్లరు అను మిత్రుని తోడ్పాటు లభించెను. మిల్లరు ఒహాయో రాష్ట్రమందలి యాక్రన్ పట్టణవాసి. గడ్డికోత యంత్రములను మెరుగుపరచి ధనము గడించినవాడు, విద్యాప్రియుడు. సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు ఎడిసన్ 1886లో వివాహమాడిన మీనా ఈయన కుమార్తెయే. శిక్షణ శిబిరమును నగరమున గాక వేసవియందు అడవిలో జరుపుట మేలని మిల్లరు సూచించెను. విన్సెంటు మొదట వెనుకాడెను. అడవిలో గుమిగూడు జనులు ఆవేశమునకు లోనగుదురే గాని ఆలోచనకు కూర్చుండరని ఆయన భయము. తుదకు మిత్రుని మాట మన్నించెను. కాని అచ్చట జరుగవలసినది క్రమబద్ధమైన చదువేయని పట్టుబట్టెను.

న్యూయార్కు రాష్ట్రపు పశ్చిమ భాగమున షటాక్వా యను సరస్సు కలదు. దాని పొడవు సుమారు 17 మైళ్లు. చుట్టును దట్టమైన వృక్షములు, చల్లని గాలి. ఆ సరస్సు ఒడ్డున 1874వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన మొదటి సభ యారంభమై రెండు వారములు జరిగెను. జనులు ఆవిరి పడవలపై వచ్చి డేరాలలో విడిసిరి. బల్లలు వేసిన ఆరుబయలే ఉపన్యాసశాల. మన పల్లెలలో వేసవి రాత్రులందు పురాణశ్రవణమునకు చేరినట్లు జనులు చెట్ల క్రింద చేరిరి. అయితే విని లేచిపోవుటతో పని ముగియలేదు. ఉదయము పాఠములు, మధ్యాహ్నము చర్చలు, సాయంకాలము ఉపన్యాసములు, కడపట వ్రాతపరీక్ష. నెరసిన తలలవారును నూనూగు మీసముల వారును ప్రక్కప్రక్కన కూర్చుండి సమాధానములు వ్రాసిరి.

విన్సెంటు తన పాత పద్ధతిని అచ్చటను విడువలేదు. ఆయన ప్రోత్సాహమున సరస్సు గట్టున మట్టితో పాలస్తీనా దేశపు నమూనా నిర్మింపబడెను. కొండలు గుట్టలుగా, నదులు కాలువలుగా, ఊళ్లు చిన్న బొమ్మరిండ్లుగా అమర్చిరి. షటాక్వా సరస్సే మధ్యధరా సముద్రము. ఆ సముద్రము పాలస్తీనాకు పడమట నుండవలెను. సరస్సు మాత్రము నమూనాకు తూర్పున నున్నది. కావున దిక్కులు తారుమారయ్యెను. చూచువారు సూర్యుడు పడమట నుదయించుచున్నాడని భావించుకొనవలసి వచ్చెను. అయినను ఆ గుట్టలపై నడచి నేర్చుకొన్న భూగోళమును ఎవరును మరచిపోలేదు.

మరుసటి యేడు, అనగా 1875 ఆగస్టు నెలలో, దేశాధ్యక్షుడగు గ్రాంటు తన పూర్వపు బోధకుని ఆహ్వానమును మన్నించి సరస్సు మీదుగా వచ్చి సభను దర్శించెను. దానితో షటాక్వా పేరు దేశమంతట మారుమ్రోగెను. క్రమముగా సభ నిడివి పెరిగెను. మతవిషయములతో పాటు చరిత్ర, సాహిత్యము, సంగీతము, ప్రకృతిశాస్త్రములు ఉపన్యాస విషయములయ్యెను. 1879లో బడిపంతుళ్ల కొరకు ప్రత్యేక శిబిరమును భాషల పాఠశాలయును ఏర్పడెను. పిమ్మట షికాగో విశ్వవిద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడైన విలియం రెయినీ హార్పరు ఇచ్చట వేసవులందు హీబ్రూ భాష బోధించెను. ద్వారమున కొలదిపాటి రుసుము చెల్లించి లోనికి వచ్చినవారికి ఆ యుపన్యాసము లన్నియు వేరు రుసుము లేకయే లభించెను. ఒకే బల్లపై ధనికుడును, కూలివాడును, పండితుడును, పామరుడును కూర్చుండి వినిరి.

సభ జయప్రదమయ్యెను. అయినను విన్సెంటు మనస్సు తృప్తి చెందలేదు. వేసవి గడచిపోవును. డేరాలు విప్పివేయుదురు. రైతు తన పొలమునకు, వర్తకుడు తన దుకాణమునకు, గృహిణి తన వంటింటికి మరలిపోవుదురు. విన్నది కొన్ని వారములలో మరపున పడును. తనవలెనే చదువునకై తపించి చదువుకొనలేకపోయిన వారికి ఏడాదిలో రెండు వారముల విద్య చాలునా? ఈ ప్రశ్న ఆయనను నిద్రపోనీయలేదు. అపుడు ఆయనకు తన యౌవనము జ్ఞప్తికి వచ్చెను. గుఱ్ఱపు ప్రయాణముల నడుమ తాను సాగించిన నాలుగేండ్ల చదువు స్ఫురించెను. తాను చేసినదానిని ఇతరు లేల చేయరాదు?

1878వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన ఆయన షటాక్వా సాహిత్య విజ్ఞాన పఠనమండలిని స్థాపించెను. ఇందు చేరుటకు పూర్వవిద్య అక్కరలేదు, వయోనియమము లేదు. ఏటికి అర డాలరు చందా. దినమునకు నలుబది నిమిషములు చదువవలెను. ఇట్లు నాలుగేండ్లు నియమము తప్పక చదివినవారికి యోగ్యతాపత్ర మొసగబడును. చరిత్ర, సాహిత్యము, శాస్త్రము, కళ అను విషయములపై సులభముగా నుండు గ్రంథములు నిర్ణయింపబడెను. మొదటి యేటి గ్రంథములలో గ్రీన్ అను నాతడు రచించిన ఆంగ్లజాతి చరిత్ర ముఖ్యమైనది. కొలదిమంది చేరుదురని తలంచినచోట ఆ ప్రథమ వర్గముననే ఎనిమిది వేలకు పైగా పాఠకులు చేరిరి. ఆ గ్రంథముల కొరకు పుస్తకవిక్రేతల వద్దకు వచ్చిన గిరాకి వారినే దిగ్భ్రాంతులను చేసెను.

ఒంటరిగా చదువుట కష్టము. కావున ఒక యూరి పాఠకులు వారమున కొకమారు ఒక యింట చేరి, చదివినదానిని చర్చించుకొనుచుండిరి. పగలెల్ల పాలుపితికి, రొట్టెలుచేసి, బిడ్డలను సాకిన తల్లి రాత్రి దీపము ముందు గ్రీసుదేశ చరిత్ర తెరచెను. కళాశాలకు పోయిన తన కుమారుడు ఏమి చదువుచున్నాడో తల్లి తెలిసికొనవలెను, లేనిచో విద్యయే వారిరువురి నడుమ గోడ యగునని విన్సెంటు తలంచెను. విద్య ఇంటిని కలుపవలెను గాని విడదీయరాదని ఆయన యాశయము.

ఈ ప్రయత్నమును పరిహసించినవారును లేకపోలేదు. దినమునకు నలుబది నిమిషములు చదివి పండితులగుదురా యని కొందరు విద్వాంసులు ఎగతాళి చేసిరి. ఇది పైపై చదువని నిందించిరి. ఆ నిందలో కొంత సత్యమున్నదని విన్సెంటు ఎరుగును. ఈ పఠనము కళాశాల చదువునకు బదులని ఆయన ఎన్నడును చెప్పలేదు. కళాశాల విద్యార్థి కంటికి కానవచ్చు విశాలలోకము ఎట్లుండునో సామాన్యునకు దూరమునుండి యైనను చూపుటయే తన యుద్దేశమని 1886లో ప్రకటించిన షటాక్వా ఉద్యమ గ్రంథమున స్పష్టముగా తెలిపెను. కొండ యెక్కలేనివాడు దానిని కన్నులార చూచుటయు మేలే. చూచినవారిలో కొందరు ఎక్కుదురు. ఎక్కలేనివారు తమ బిడ్డలను ఎక్కింతురు.

1882లో మొదటి పాఠకవర్గమువారి నాలుగేండ్లు నిండెను. చేరినవారిలో అనేకులు నడుమనే విరమించిరి. సుమారు 1,700 మంది కడవరకు నిలిచిరి. వారికొరకు సరస్సు సమీపమున తోటలో స్వర్ణద్వార మను పేరుగల ద్వారమును నిలిపిరి. ఆ ద్వారము గుండ పోవు హక్కు చదువు ముగించినవారికే కలదు. బాలికలు పూలు చల్లుచుండ, వారు గ్రీకుల దేవాలయమును పోలిన స్తంభముల మండపమునకు ఊరేగింపుగా నడచిరి. పనిచేసి మొద్దుబారిన చేతులతో యోగ్యతాపత్రములు పుచ్చుకొన్న ఆ వృద్ధులకు అది జీవితమున మరపురాని దినము.

పఠనమండలి ఖండాంతరములకు వ్యాపించెను. జపానునందును, దక్షిణాఫ్రికాయందును శాఖలు వెలసెను. స్థాపించిన పదేండ్లలో చేరినవారి సంఖ్య లక్షకు చేరెను. మిన్నెసోటా రాష్ట్రమున స్టిల్‌వాటరు చెరసాలలోని ఖైదీలు సైతము 1890లో ఒక పఠనవర్గము నేర్పరచుకొనిరి. చెరసాల తలుపు మూయబడియున్నను వారి మనస్సునకు ఒక కిటికీ తెరువబడెను.

మహనీయులయందును పరిమితులుండును. స్త్రీల విద్యకై ఇంతగా పాటుపడిన విన్సెంటు వారికి ఓటుహక్కు నిచ్చుటకు సమ్మతింపలేదు. గృహధర్మమునకు అది భంగకరమని ఆయన తలంచెను. కాని చదువునకు ద్వారము తెరచినవాడు చదువుకొన్నవారి ఆలోచనలకు తలుపు బిగింపజాలడు. షటాక్వా వేదికపైననే స్త్రీలు నిలిచి ఓటుహక్కు కొరకు వాదించిరి. పఠనమండలి సభ్యులలో అధికసంఖ్యాకులు స్త్రీలే. వినుటకు వచ్చినవారు ప్రశ్నించుట నేర్చుకొనిరి. విద్య చేయు పని ఇదియే.

1888లో విన్సెంటు తన సంఘమున బిషప్పు పదవి నందెను. పిమ్మట స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున కొంతకాలము వసించి ఐరోపాలో తన సంఘపు పనులను పర్యవేక్షించెను. 1899లో మిత్రుడైన మిల్లరు గతించెను. 1904లో విన్సెంటు పదవినుండి విరమించెను. ఆయన కుమారుడు జార్జి విన్సెంటు మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. తండ్రికి అందని కళాశాల కుమారుని చేతిమీదుగా నడచుట ఆయనకు వార్ధక్యమున కలిగిన గొప్ప సంతోషము. 1920వ సంవత్సరము మే 9వ తేదీన షికాగో నగరమున, ఎనుబదెనిమిదేండ్ల వయస్సున, విన్సెంటు స్వర్గస్థుడయ్యెను.

షటాక్వాను చూచి దేశమున ఎన్నియో ఊళ్లు సరస్సుల యొడ్డున, తోపులలో అట్టి వేసవి సభలను నెలకొల్పెను. 1904 మొదలు కొందరు వ్యాపారులు పెద్ద గుడారములను రైళ్లపై నెక్కించి, ఉపన్యాసకులను గాయకులను వెంటగొని ఊరూర తిరిగిరి. మారుమూల పల్లెలవారు కూడ వేసవియందు కొన్ని దినములు పండితుల మాటలు వినగలిగిరి. మోటారు బండ్లు, చలనచిత్రములు, రేడియో వచ్చుటచేతను, ఆర్థికమాంద్యము వలనను ఆ తిరుగు గుడారములు 1930 ప్రాంతమున అంతరించెను. సరస్సు గట్టున నున్న మూలసభ మాత్రము నిలిచినది. నేటికిని ఏటేట వేసవిలో జనులు అచ్చటికి చేరి ఉపన్యాసములు వినుచునే యున్నారు.

విన్సెంటు ధనికుడు కాడు, శాస్త్రజ్ఞుడు కాడు, కళాశాల పట్టభద్రుడును కాడు. తనకు దొరకని దానిని తలచి దుఃఖించి యూరకుండక, దొరకనివారు తనవలె ఇంకెందరున్నారోయని ఆయన ఆలోచించెను. తన బాధయందు పరుల బాధను చూచెను. చెట్టునీడయు, నాలుగు బల్లలును, చెప్పువాడొకడును, వినగోరు మనస్సులును ఉన్నచోట విద్యాలయము వెలయునని నిరూపించెను. బడిలో కూర్చుండి చదువుకొను భాగ్యము కలిగినవారు ఆ భాగ్యమును తేలికగా నెంచరాదు. తమ యింటను, తమ వీధిలోను ఆ భాగ్యము కలుగని పెద్దలుందురు. దినమునకు నలుబది నిమిషములు వారి ప్రక్కన కూర్చుండి చదివి వినిపించుట విన్సెంటు జీవితమును చదివినవారు చేయదగిన పని.